అమ్మ ఆయాసం, నర్సు ఫోను: నా అనుభవం

మా ఆసుపత్రిలో ఇప్పుడు నేరుగా డాక్టర్ అపాయింట్‌మెంట్ ఇవ్వరు. ముందు నర్సు ఫోన్ చేసి, ఎవరు వెంటనే రావాలో, ఎవరు ఆగొచ్చో తేలుస్తుంది. పేరు రాయించుకోవడం, ఫోన్ రావడం తేలిగ్గానే అయిపోయాయి.

అమ్మకి ఆస్తమా. ముందు రోజు రాత్రంతా దిండ్లకి ఆనుకుని కూర్చునే ఉంది. నర్సుకి అదే చెప్పాను. "పేషెంట్‌కి ఇవ్వండి" అంది. అమ్మేమో "ఏం లేదు తల్లీ, కాస్త ఆయాసం, అంతే. బాగానే పడుకున్నా" అంది. పెద్దవాళ్లు ఎదుటివాళ్లని ఇబ్బంది పెట్టకూడదని ఇలాగే అంటారు. నేను ఫోన్ లాక్కుని "కాదండీ, పడుకోలేదు" అంటే, "పేషెంట్ చెప్పిందే రాసుకుంటాం. ఇంట్లోవాళ్లు కంగారుపడటం మాకు అలవాటే" అంది. ముందు నంబరు కోసం అబద్ధం చెబుతున్నట్టు మాట్లాడింది! ఇన్‌హేలర్ వాడమని, ఎక్కువైతే చేయమని పెట్టేసింది. ఒళ్లు మండిపోయింది.

సాయంత్రం మళ్లీ చేశాను. ఈసారి వేరే నర్సు. ఆయాసం ఊసే ఎత్తలేదు. "అమ్మా, ఇంట్లో ఎవరెవరుంటారు? పిల్లలేం చేస్తుంటారు?" అంది. అమ్మ "మా పెద్దాడు..." అని ఆగి ఊపిరి తీసుకుంది. "ఉద్యోగం..." మళ్లీ ఆగింది. నర్సు ఇక ఆగలేదు. "అంబులెన్స్ పంపుతున్నా. అది వచ్చేదాకా కూర్చోబెట్టే ఉంచండి, పడుకోబెట్టకండి" అంది. అక్కడికి వెళ్లగానే ఆక్సిజన్, నెబ్యులైజర్ పెట్టారు.

వయోజనుల్లో ఒక్క గుక్కలో వాక్యం పూర్తి చేయలేకపోవడం, నిమిషానికి 25 సార్లు, ఆపైన ఊపిరి తీయడం, నాడి 110కి చేరడం, వీటిలో ఏ ఒక్కటున్నా ఆస్తమా తీవ్రంగా ఉన్నట్టే. ఫోన్లో చెవి పెట్టి వింటే మొదటిది తెలిసిపోతుంది. రెండో ఆవిడ విన్నది, మొదటావిడ రాసుకుంది.

రద్దీ తగ్గించడానికే ఈ పద్ధతి అంటారు. 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన బ్రిటన్ అధ్యయనం చూడండి. 42 క్లినిక్కుల్లో దాదాపు 21 వేలమంది రోగుల మీద చేశారు. అదే రోజు చూడమని అడిగినవాళ్లకి ముందు నర్సు ఫోన్ చేసిన చోట, తర్వాతి 28 రోజుల్లో క్లినిక్‌తో సంప్రదింపులు మామూలు పద్ధతికంటే 48 శాతం పెరిగాయి. డాక్టరే ఫోన్ చేసిన చోట 33 శాతం. ఖర్చూ తగ్గలేదు. తగ్గుతుందా మరి? సరిగ్గా వినకుండా పంపేస్తే ఆ మనిషి మళ్లీ ఫోన్ చేయక ఏం చేస్తాడు? అనుభవమున్న నర్సుని కూర్చోబెట్టి, నిర్ణయం ఆమెకే వదిలేయాలి. నేను నర్సులకి వ్యతిరేకిని కాను, మా అమ్మని బతికించింది నర్సే.

ఫోన్ చేసేముందు ఊపిరి లెక్కపెట్టి అంకె చెప్పండి. "ఆయాసం" అని ఊరుకోకుండా, నిన్న చేయగలిగి ఇవాళ చేయలేనిది చెప్పండి: బాత్రూమ్ దాకా నడవలేకపోతోంది, అన్నం మధ్యలో ఆపేస్తోంది, ఇలాగ. ఆగమంటే, "నేను ఒప్పుకోలేదని రాయండి" అని గట్టిగా అడగండి.

అమ్మ ఇంటికొచ్చింది. ఆ మొదటి కాల్ రికార్డు ఇమ్మని ఆసుపత్రికి ఉత్తరం పెట్టాను. జవాబు రాలేదు, రేపు స్వయంగా వెళ్తున్నాను.