పిల్లలమర్రి కన్నా మా బడి వెనక వేపచెట్టు నయం

ఏటా చలికాలంలో మా బడి పిల్లల్ని బస్సెక్కించి పిల్లలమర్రికి తీసుకుపోతాం. ఫొటోలు, పులిహోర, పొద్దుగూకేసరికి ఇల్లు. ఏడు వందల ఏళ్ల పైబడిందని చెప్పుకునే మర్రి, మహబూబ్‌నగర్‌లో ఉండి చూడకపోతే ఎట్లా? కానీ కొమ్మ విరిగిపడి, చెదలు పట్టిందని 2018లో సెలైన్ బాటిళ్లతో మందు ఎక్కించిన చెట్టది. మేం పోయినప్పుడు దూరం నుంచి చూసి వచ్చుడే. ఆరేళ్ల పిల్లలకు ముట్టుకోని చెట్టు మర్నాటికి గుర్తుండదు. బస్సులో ఎవరు వాంతి చేసుకున్నారో గుర్తుంటుంది.

అందుకే ఒకటి, రెండు తరగతులకు నేను బడి వెనక వేపచెట్టునే నమ్ముకున్నాను. ప్రార్థన కాగానే, ఎండ ముదరక ముందే అక్కడికి పోతాం. రోజూ అదే చెట్టు కాబట్టి ఏది మారినా పిల్లలే ముందు పట్టేస్తారు. రాలిన వేపగింజలతో పదుల కుప్పలు పెట్టడం, చిన్న కూడికలు అక్కడే అయిపోతాయి. నేను పెట్టిన రూలు ఒక్కటే: రాయి ఎత్తేది టీచరే. మా దగ్గర రాళ్ల కింద తేళ్లుంటాయి.

ఈసారి తొలకరి పడ్డ మర్నాడు ఎర్రమట్టి మీద ఆరుద్ర పురుగులు తిరుగుతున్నాయి. ఒక పాప వేలితో నిమిరి, "టీచర్, మకమల్ గుడ్డ లెక్కున్నది" అన్నది. ముట్టగానే అది కాళ్లు ముడుచుకుని కదలకుండా ఉండిపోయింది. మళ్లీ నడవాలంటే సప్పుడు చేయొద్దన్నాను. తరగతి గదిలో రెండు నిమిషాలు కుదురుగా ఉండని వాళ్లంతా మోకాళ్ల మీద వంగి ఊపిరి బిగబట్టారు. కాళ్లు కదిలాయో లేదో లొల్లి మొదలు. ఆరని కొందరు, ఎనిమిదని కొందరు. మళ్లీ మళ్లీ లెక్కపెట్టి ఎనిమిదని తేల్చారు. చీమకు ఆరే కదా అని ఇంకొకడు. అప్పుడు చెప్పాను, ఇది చీమకు కాదు, సాలీడుకు చుట్టమని. వెంటనే సగం మంది సాలీడును వెతకడానికి గోడ దగ్గరికి ఉరికారు.

ఆ వారమే ఒక తాత వచ్చాడు. "బడికి తోలింది సదువుకు గానీ మట్టిల ఆడెతందుకా మేడం?" ఆయన మాట తీసిపారేసేది కాదు. మట్టిపనికి ఊళ్లు పట్టుకుని వలసపోయి బతికిన జిల్లా మాది. మనవరాలి చేతికి మట్టి అంటొద్దనే కదా బడికి పంపింది. మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఆటపాటలతోనే చదువు చెప్పాలని 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెబుతుంది. నిజమే గానీ, అది ఆయనకు వినిపిస్తే ఏం లాభం? మనవరాలి పలక తెప్పించాను. ఎర్ర చాక్‌పీసుతో గుండ్రటి పురుగు, అటు నాలుగు కాళ్లు, ఇటు నాలుగు, కింద వంకరగా 'ఎనిమిది'.

పలక మీది కాళ్లను తాత ఒక్కొక్కటీ వేలితో లెక్కపెట్టి, "ఇంగ్లీషుల గూడ రాయించు మేడం" అన్నాడు.

రాయించాను.