ఎన్‌జీసీ 3198: కృష్ణ పదార్థం లెక్క మీరే వేసుకోండి

కృష్ణ పదార్థం (వెలుగు ఇవ్వకుండా, గురుత్వంతో మాత్రమే ఆనవాలు తెలిసే పదార్థం) గురించిన వ్యాసాలు చాలావరకు కేంద్రం నుంచి దూరంతో గెలాక్సీ తిరిగే వేగం ఎలా మారుతుందో చూపే ఒక గ్రాఫ్ చూపించి ముందుకెళ్లిపోతాయి. నిజానికి ఆ లెక్కకి కాలిక్యులేటర్ చాలు. సప్తర్షి మండలం దిక్కున ఉన్న ఎన్‌జీసీ 3198 గెలాక్సీని తీసుకుందాం. దాని నడుమ ఉబ్బు చిన్నది కాబట్టి లెక్క తేలిక.

నక్షత్రాల వెలుగు తొందరగా సన్నగిల్లుతుంది. ఆపైన గెలాక్సీ తిరిగే వేగం కొలవాలంటే హైడ్రోజన్ వాయువే దిక్కు. అది 1420.4 మెగాహెర్ట్జ్ దగ్గర రేడియో సంకేతం ఇస్తుంది (పుణె దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోప్ కూడా దీన్ని పట్టగలదు). గెలాక్సీ మన నుంచి సెకనుకు సుమారు 660 కిలోమీటర్ల వేగంతో దూరమవుతోంది కాబట్టి ఆ సంకేతం 1417.3కి జరుగుతుంది. గెలాక్సీ తిరుగుతున్నందువల్ల ఒక పక్క 0.7 మెగాహెర్ట్జ్ పైకి, రెండో పక్క అంతే కిందికి పోతుంది. 25 కిలోహెర్ట్జ్ ఛానళ్లతో చూస్తే సెకనుకు 5 కిలోమీటర్ల తేడా కూడా తెలుస్తుంది.

ఎక్కువ మంది దెబ్బతినేది వాలు దగ్గర, అంటే గెలాక్సీ పళ్లెం మన వైపు ఎంత ఒరిగి ఉందన్న దగ్గర (పూర్తిగా ఎదురుగా కనిపిస్తే 0, అంచు మాత్రమే కనిపిస్తే 90 డిగ్రీలు). మనకి కనిపించే వేగాన్ని వాలు కోణం సైన్‌తో భాగించాలి. 30 డిగ్రీల వాలుని 25 అనుకుంటే బరువు 40 శాతం ఎక్కువ వస్తుంది. అదే 70ని 65 అనుకుంటే తప్పు 7 శాతం చిల్లరే. ఎన్‌జీసీ 3198 వాలు 70 దాటింది, అందుకే అది అందరికీ ఇష్టం. ఇక కేంద్రం దగ్గర టెలిస్కోప్ బీమ్ (అది ఒకేసారి చూసే ఆకాశపు ముక్క) వెడల్పుగా ఉంటే వేర్వేరు వేగాలు కలిసిపోయి, వేగం నిజంగా పెరిగేదానికన్నా నెమ్మదిగా పెరిగినట్టు కనిపిస్తుంది. ఆ భాగాన్ని నమ్మకండి.

ఇప్పుడు బరువు: వేగం వర్గం × కేంద్రం నుంచి దూరం ÷ 0.0000043. వచ్చేది ఆ దూరం లోపలున్న మొత్తం బరువు, సూర్యుళ్ల లెక్కలో. వేగం సెకనుకు కిలోమీటర్లలో, దూరం కిలోపార్సెక్‌లలో (ఒక్కోటి సుమారు 3,260 కాంతి సంవత్సరాలు) వేయాలి. 30 కిలోపార్సెక్‌ల దగ్గర కూడా వేగం 150 ఉంది. 22,500 × 30 ÷ 0.0000043 చేస్తే సుమారు 15,700 కోట్ల సూర్యుళ్ల బరువు. పదార్థం గోళాకారంగా పరుచుకుందనే ఊహ ఇందులో ఉంది.

లోపలి వేగమంతా నక్షత్రాల పుణ్యమేనని ఒప్పుకున్నా, 30 కిలోపార్సెక్‌ల దగ్గర అవి ఇవ్వగలిగే వేగం 70 చిల్లర. బరువు వేగం వర్గంతో పోతుంది కనుక కనిపించేది ఐదో వంతుకి కాస్త పైన. మిగతాది కృష్ణ పదార్థానికి కనీస అంచనా. నక్షత్రాలు అంతకన్నా తేలికైతే కృష్ణ పదార్థం వాటా పెరుగుతుంది. అవి ఎంత బరువో ఈ వేగాల గ్రాఫ్ ఒక్కటే తేల్చలేదు.

ఈ బరువు వేగాన్ని నిలబెట్టడంతో ఆగదు. చుట్టూ ఇంత బరువు లేకపోతే పల్చటి డిస్క్ త్వరగా కదురులా సాగి బార్ (నడుమ కడ్డీలాంటి నక్షత్రాల గుంపు) అవుతుందని 1973లో ఖగోళ భౌతికవేత్తలు ఆస్ట్రైకర్, పీబుల్స్ చూపించారు. తర్వాతి సిమ్యులేషన్లు కథని తిరగేశాయి: బార్ ఒకసారి ఏర్పడితే, కృష్ణ పదార్థమే దాని కోణీయ ద్రవ్యవేగాన్ని (తిరిగే ఊపును) లాక్కుని బార్‌ని ఇంకా బలపరచగలదు.

దూరం మాట మరవొద్దు. పై 30 కిలోపార్సెక్‌లు 1985 నాటి విశ్లేషణలోవి. అప్పట్లో గెలాక్సీ దూరం సుమారు 3 కోట్ల కాంతి సంవత్సరాలనుకున్నారు. సెఫీడ్ నక్షత్రాలతో (వెలుగు హెచ్చుతగ్గులయ్యే కాలాన్ని బట్టి దూరం చెప్పేవి) కొలిస్తే 4.5 కోట్లు వచ్చింది. దాంతో 30 కాస్తా 45 అవుతుంది, బరువు ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది. కాంతి మాత్రం 2.25 రెట్లు పెరుగుతుంది. అంటే ఒక్కో సూర్యుడంత వెలుగుకి పడే బరువు మూడో వంతు తగ్గుతుంది.