నా మాటలు మాత్రమే ఉన్న నోటు పుస్తకాలు

గొంతు పోయాక కథలు రాయడం మొదలుపెట్టానని తెలిసినవాళ్లు తరచూ ఒక మాట అంటారు: "ఏది జరిగినా మన మంచికే." ప్రేమతోనే అంటారు, అయినా నేను ఒప్పుకోను. కేన్సర్ నాకు మంచి ఏమీ చేయలేదు. మా అమ్మాయి చదువు ఒక ఏడాది ఆగిపోయింది. టంగుటూరు దగ్గర మా నాన్న మిగిల్చిన చేను పోయింది. నా భార్య జుట్టు ఆ ఏడాదిలోనే నెరిసింది. నేను రాస్తున్నానంటే అందుకు కారణం ఆసుపత్రి మంచం పక్కన పెట్టిన నోటు పుస్తకాలు, వాటిని పాత కాగితాల్లో పడేయకుండా బీరువా మీద దాచిన మా ఆవిడ. ఆ ఘనత రోగానికి ఇవ్వను.

ఆర్టీసీలో కండక్టర్‌గా నేను ఎక్కువగా తిరిగింది ఒంగోలు నుంచి చీమకుర్తి, పొదిలి మీదుగా కనిగిరి, పామూరు వెళ్లే దారిలో. నా గొంతు పెద్దది. పొదిలి బస్టాండులో ఈ చివర నిలబడి "కనిగిరి, కనిగిరి" అని పిలిస్తే ఆ చివర టీ కొట్టు దగ్గరున్నవాళ్లు గ్లాసులు దించి లేచేవారు. చీమకుర్తిలో గ్రానైట్ క్వారీల కార్మికులు కనుబొమల మీద రాతి పొడితో ఎక్కేవారు. పొగాకు రోజుల్లో, ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల దగ్గర కర్రలకు ఆకు అల్లి ఇళ్లకు వెళ్లే ఆడవాళ్ల చేతులకు నల్లటి జిగురు ఉండేది. వాళ్లిచ్చిన పది రూపాయల నోట్లు నా సంచిలో ఒకదానికొకటి అతుక్కుపోయేవి. సంక్రాంతి దాటితే బెంగళూరుకో హైదరాబాదుకో పనులకు తిరిగి వెళ్లే కనిగిరి వైపు కుటుంబాలు, మూటలు, ఏడుస్తున్న పిల్లలు. ఎక్కేటప్పటికే సగం అయిపోయి, దిగేటప్పటికి సగం మిగిలిపోయే మాటలు వాళ్లవి. టికెట్ మిషన్లు రాకముందు ప్రతి స్టేజీ దగ్గరా ఎస్సార్ కాగితం నింపేవాడిని. స్టేజీ పేరు, టికెట్ల నంబర్లు, డబ్బు. ఉద్యోగంలో నేను రాసింది అంతే.

నలభై ఏడో ఏట ఆ గొంతు బొంగురుపోయింది. వాము నమిలినా, ఉప్పునీళ్లు పుక్కిలించినా తగ్గలేదు. బొంగురు మూడు వారాలు దాటితే చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించుకోవాలని ఇప్పుడు నేను కలిసిన ప్రతి కండక్టర్‌కూ, ప్రతి మాస్టారికీ చెబుతాను. స్వరతంత్రుల మీద వచ్చే కేన్సర్ తొలి దశలోనే గొంతు మార్చేస్తుంది. అప్పుడే పట్టుకుంటే రేడియేషన్‌తోనో చిన్న ఆపరేషన్‌తోనో స్వరం నిలబెట్టే అవకాశం ఎక్కువ. నాది అప్పటికే మృదులాస్థి దాకా పాకింది.

మా నాన్న పొగాకు రైతు. బ్యారన్‌లో ఆకు కాలుతున్న రాత్రుల్లో వేడి తగ్గకుండా చూడటానికి ఆయనతో పాటు నేనూ మేలుకునేవాడిని. సిగరెట్ అలవాటు అక్కడే అయింది. ఆ పంటే నా ఫీజులు కట్టింది, మా అక్క పెళ్లి చేసింది. దాన్ని తిట్టడానికి నాకు మనసు రాదు. స్వరపేటిక కేన్సర్‌కు పొగ తాగడమే అన్నిటికన్నా పెద్ద కారణమన్నదీ నిజమే. ఈ రెండింటినీ ఒకే కథలో పెట్టాలని ఎంతో కాలంగా చూస్తున్నాను, ఇంకా కుదరలేదు.

చెన్నైలో ఆపరేషన్ చేసి స్వరపేటికను పూర్తిగా తీసేశారు. శ్వాసనాళాన్ని మెడ ముందు భాగంలో రంధ్రంగా తెరిచి కుట్టారు. ఇక ఊపిరి అక్కడి నుంచే. దీనితో ఏమేమి పోతాయో ముందుగా ఊహకు అందదు. వేడి కాఫీని ఊదలేను. ముక్కులోంచి గాలి ఆడదు గనుక చేపల పులుసు ఉడుకుతున్నా వాసన తెలియదు. తల మీద నీళ్లు పోసుకునేటప్పుడు రంధ్రంలోకి చుక్క పోకుండా చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. కేన్సర్ కోసం ఈ ఆపరేషన్‌ను మొదట 1873లో వియన్నాలో బిల్రోత్ అనే వైద్యుడు చేశాడని తరువాత చదివాను. ఆ రోగి ఇంటికి వెళ్లాక తనవాళ్లకు ఏమి రాసి చూపించి ఉంటాడా అని చాలాసార్లు ఆలోచించాను.

నేనైతే నోటు పుస్తకంలో రాశాను. దానికి దారంతో పెన్ను కట్టి మంచం కమ్మీకి వేలాడదీసింది మా ఆవిడ. ముక్కులో ఆహారం గొట్టం, మెడకు కట్టు, చేతిలో ఆ పెన్ను. ఆసుపత్రిలో, తరువాత రేడియేషన్ కోసం అద్దెకు తీసుకున్న గదిలో, ఆపైన ఒంగోలు ఇంట్లో, నేను ఎవరితో ఏమన్నా అందులోనే అన్నాను.

ఇంటికి వచ్చిన కొన్ని నెలలకు, పనికి పోలేక ఊరికే కూర్చున్న ఒక మధ్యాహ్నం ఆ పుస్తకాలు దింపి చదివాను. చదివితే ఏమీ అర్థం కాలేదు. "కిటికీ తెరువు." "వద్దు." "డాక్టరు బయట నీతో ఏమన్నాడు?" "అబద్ధం." "చేను అమ్మవద్దని చెప్పు." "ఏడవకు. అటు తిరుగు." పేజీల నిండా నా మాటలే. వాళ్లు నోటితో చెప్పినవి ఎక్కడా లేవు. నెలల తరబడి ఇంత మంది నాతో మాట్లాడారు, కాగితం మీద మాత్రం నేనొక్కడినే ఉన్నాను. అది చూసి నాకు భయం వేసింది. వాళ్ల మాటలు అప్పటికే నా తలలో చెరిగిపోతున్నాయి.

ఎర్ర పెన్ను తీసుకుని గుర్తున్నంతవరకు నింపడం మొదలుపెట్టాను. "డాక్టరు బయట నీతో ఏమన్నాడు?" అన్నదాని కింద మా ఆవిడ జవాబు రాశాను: "మీరు భోజనం చేశారా అని అడిగాడండీ." అప్పుడు దాని కింద ఉన్న నా "అబద్ధం"కు ప్రాణం వచ్చింది. అలా రాస్తూ పోతే మాటలు ఒక్కటే సరిపోలేదు. ఆమె అప్పుడు ఎటు చూస్తోంది, చేతిలో ఏముంది, పక్క మంచం మీద ఎవరున్నారు, అవీ కావలసి వచ్చాయి. నాలుగైదు పేజీలు అయ్యాక నేను రాస్తున్నది ఏమిటో నాకు తెలిసింది.

ఆ రోజుల్లోనే ఒంగోలు గ్రంథాలయానికి వెళ్లడం అలవాటైంది. బడిలో బట్టీ పట్టిన ఒక సంగతి అక్కడ మళ్లీ ఎదురైంది. నన్నయ భారతం అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయింది. నెల్లూరు తిక్కన విరాటపర్వంతో మొదలుపెట్టి 15 పర్వాలు రాశాడు, ఆ మిగిలిన ముక్క జోలికి పోలేదు. అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఉన్న ఎర్రన 14వ శతాబ్దంలో దాన్ని పూరించాడు. పూరించి, మూడు వందల ఏళ్ల కిందటి నన్నయ ప్రభువు రాజరాజనరేంద్రుడికే అంకితం చేశాడు. బడిలో అది రెండు మార్కుల జవాబు. ఎర్ర పెన్నుతో కూర్చున్న నాకు మాత్రం అది ఎంత కష్టమైన మర్యాదో అర్థమైంది. ఇంకొకరి సగం రాయాలంటే ముందు వాళ్ల గొంతు వినాలి.

ఆ తరువాత బస్సు గుర్తుకు రావడం మొదలైంది. కనిగిరి వైపు పల్లెల్లో భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగితే పళ్లకు మరకలు పడతాయి, కీళ్లు బిగుసుకుపోతాయి, వెన్ను వంగిపోతుంది. పొదిలిలో ఎక్కే ఒక అవ్వ అలా వంగిపోయి ఉండేది. నేను మెట్టు మీద నిలబడి కనిగిరి అని అరుస్తూనే ఉన్నా, ప్రతిసారీ దగ్గరికి వచ్చి "నాయనా, ఇది కనిగిరి బస్సేనా?" అని అడిగేది. "అవునవ్వా, ఎక్కు" అని చెయ్యి అందించేవాడిని. అంతకు మించి ఆమె గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

నాకు ఆపరేషన్‌లో మెడలోని గ్రంథులు కూడా తీశారు, ఆపైన రేడియేషన్. మెడ చెక్కలా బిగిసింది. ఒకసారి ఒంగోలు బస్టాండులో బస్సు బోర్డు చూద్దామని తల ఎత్తబోతే లేవలేదు. ఇన్నేళ్లూ నా సొంత ఇల్లులా తిరిగిన బస్టాండులో ఏది ఏ బస్సో తెలియక నిలబడిపోయాను. పక్కనున్న కుర్రాడి చొక్కా పట్టుకుని బస్సు వైపు వేలు చూపించాను. "పొదిలి బస్సే బాబాయ్, ఎక్కండి" అన్నాడు. అవ్వ అప్పుడు అర్థమైంది. నా అరుపు ఆమెకు వినిపించింది. మూడు బస్సులు వరసగా నిలబడి ఉంటే, అరుపు ఏ బస్సు మెట్టు మీద నుంచి వస్తోందో చూడాలంటే తల ఎత్తాలి. ఆమెకు కనిపించేవి చక్రాలు, మనుషుల కాళ్లు. నా తొలి కథ అదే, కాళ్లను బట్టి మనుషులను గుర్తుపట్టే ఒక అవ్వ గురించి. ఒక దినపత్రిక ఆదివారం అనుబంధంలో వచ్చింది. అప్పటికి నాకు నలభై తొమ్మిదేళ్లు.

ఇప్పుడు నాకు మాట ఉంది. శ్వాసనాళానికీ అన్నవాహికకూ మధ్య చిన్న సిలికాన్ కవాటం పెట్టారు. మెడ రంధ్రాన్ని బొటనవేలితో మూసి ఊపిరి వదిలితే గాలి అన్నవాహికలోకి మళ్లి, అక్కడి గోడలు కంపించి మాటగా వస్తుంది. గరగరగా ఉన్నా మా మనవరాలు గుర్తుపడుతుంది. అది చాలు. కానీ బస్సెక్కితే ఇప్పటికీ మాట్లాడటం తక్కువ, వినడం ఎక్కువ. నెలలో కొన్నిసార్లు పామూరు దాకా వెళ్లి వస్తాను. మాటలు అక్కడికక్కడ రాసుకోను. ఇంటికి వచ్చాక ఏది మిగిలితే అదే రాస్తాను.

ఆసుపత్రి పుస్తకాలను పెద్ద కథగా రాసి, మొన్న మొదటి ప్రతిని మా ఆవిడకు ఇచ్చాను. రెండు రోజులు ఏమీ అనలేదు. తిరిగి ఇచ్చినప్పుడు చూస్తే చాలా చోట్ల ఆమె జవాబులు కొట్టేసి ఉన్నాయి, పక్కన ఆమె చేతిరాతతో అసలు అన్న మాటలు ఉన్నాయి. "ఏడవకు. అటు తిరుగు" అన్నదాని కింద నేను "నేనేమీ ఏడవడం లేదు" అని రాశాను. ఆమె దాన్ని కొట్టేసి "ఏడుస్తున్నది మీరండీ" అని రాసింది. ఆ రాత్రి నాకు గుర్తున్న తీరే తారుమారైంది. ఆ కథ మొదటి నుంచి మళ్లీ రాస్తున్నాను. ఈసారి కింద ఇద్దరి పేర్లూ వేద్దామన్నాను. ముందు మిగిలిన పుస్తకాలు కూడా ఇమ్మంది, చదివాక ఆలోచించి చెబుతానంది.