పిల్లల ఇంగ్లీష్ తప్పుల వెనక ఉన్న తెలుగు

తెలుగు పిల్లలు ఇంగ్లీష్‌లో ఒక పేజీ రాస్తే తప్పులు ఎక్కడ ఉంటాయో పేపరు చూడకముందే చాలావరకు చెప్పేయొచ్చు. ‘ఎ’, ‘ది’ ఉండాల్సిన చోట ఉండవు, ‘ఐ హావ్ సీన్ హిమ్ ఎస్టర్‌డే’ అని ఉంటుంది, ‘డిస్కస్’ పక్కన ‘అబౌట్’ ఉంటుంది. ఒకరి మొహం ఒకరు ఎరగని పిల్లలు, వేరే వేరే ఊళ్లలో, సరిగ్గా ఒకే చోట తప్పు చేస్తుంటే దాన్ని అజాగ్రత్త అని ఎలా అంటాం?

ఆర్టికల్స్ సంగతే చూడండి. తెలుగులో అవి లేవు కాబట్టి మన పిల్లలకు రావులే అని చాలామంది వదిలేస్తారు. కానీ ఆ తేడా మనకు అసలు తెలియనిదేమీ కాదు. ‘కుర్చీ తెచ్చాడు’ అంటే ఏదో ఒక కుర్చీ, ‘కుర్చీని తెచ్చాడు’ అంటే మనం అప్పటికే అనుకుంటున్న కుర్చీ అనిపిస్తుంది, మరీ అవసరమైతే ‘ఒక’, ‘ఆ’ చేరుస్తాం. మనం అవసరం పడితేనే చెప్పేదాన్ని ఇంగ్లీష్‌లో దాదాపు ప్రతి నామవాచకం దగ్గరా ఆగి తేల్చుకోవాలి. ఈ ముక్క చెప్పకుండా రూల్స్ బట్టీ పట్టిస్తే ఏం లాభం?

‘చూశాను’ కూడా అంతే. నిన్న చూసినా, ఎప్పుడో ఒకసారి చూసినా మనకు క్రియ ఒకటే, ఇంగ్లీష్‌లో రెండు: నిన్న అయితే ‘సా’, ఎప్పుడో ఒకసారి అయితే ‘హావ్ సీన్’. ‘స్టేషన్ ఎక్కడుంది’ అన్న ప్రశ్నకు చివర ఒక్క ‘ఓ’ తగిలిస్తే ‘స్టేషన్ ఎక్కడుందో చెప్పు’ అయిపోతుంది, మాటల వరుస కదలదు. ఇంగ్లీష్‌లో మాత్రం ‘ఈజ్’ చివరికి వెళ్లి ‘టెల్ మీ వేర్ ది స్టేషన్ ఈజ్’ కావాలి. మన వరుస కదలదు కాబట్టే పిల్లలు ‘టెల్ మీ వేర్ ఈజ్ ది స్టేషన్’ అని రాస్తారు. చదువుకున్న పెద్దవాళ్లు కూడా అలాగే మాట్లాడతారు, పిల్లలు వినేది అదే, కాబట్టి ఈ తప్పుకి పిల్లల్ని తిట్టడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

తప్పులన్నీ తెలుగు వల్లే వస్తాయనీ కాదు. ‘డిడ్ నాట్ వెంట్’ అని ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్న చిన్నపిల్లలు కూడా అంటారు. పిట్ కోర్డర్ అనే భాషాశాస్త్రవేత్త 1967లోనే చెప్పాడు, తొందరలో దొర్లే పొరపాటు వేరు, నేర్చుకునేవాడు తన మనసులో కట్టుకున్న నియమం వల్ల పదే పదే వచ్చే తప్పు వేరు అని. ఈ రెండో రకం చూస్తే పిల్లాడు ఎంతదాకా వచ్చాడో టీచరుకు తెలుస్తుంది. గతం అంటే ‘వెంట్’ అని వాడికి అర్థమైంది, అక్కడిదాకా వచ్చాడు.

పేజీ అంతా ఎర్ర ఇంకుతో నింపితే మరుసటి వారం వాడు తప్పు రాని నాలుగు పొట్టి వాక్యాలు రాసి ఊరుకుంటాడు, టెన్షన్‌తో. అందుకే నేను ఒక వారం ఒకే రకం తప్పు దిద్దుతాను. ‘డిడ్ నాట్ వెంట్’కి తెలుగే సాయం చేస్తుంది కూడా: ‘వెళ్లాడు’ని కాదనాలంటే ‘వెళ్లాడు లేదు’ అనం, ‘వెళ్లలేదు’ అంటాం. గతాన్ని చెప్పే గుర్తు క్రియలోంచి పోతుంది. బోర్డు మీద ఈ రెండూ రాసి, కింద ‘వెంట్’, ‘డిడ్ నాట్ గో’ రాస్తే క్లాసులో వెనక బెంచీ వాళ్లు కూడా మిగతా క్రియలకు వాళ్లంతట వాళ్లే చెప్పేస్తున్నారు.