కాలువ అడుగున దొరికిన తూనీగ పిల్ల

కిందటేడు అక్టోబర్‌లో హిమాచల్‌లోని తీర్థన్ నదిలో నేను కట్టిన తూనీగ పిల్ల ఫ్లైని ఒక్క ట్రౌట్ చేప కూడా ముట్టలేదు. ఫ్లై అంటే గాలానికి దారం, ఉన్ని, ఈకలు చుట్టి ఎరగా చేసే ఉత్తుత్తి పురుగు; నాది రెక్కలు రాకముందు నీళ్ళలో బతికే తూనీగ పిల్లకి నకలు. లోపం ఎక్కడుందో ఆరు నెలల తర్వాత మా ఊరి కాలువలో తెలిసింది. మా కోనసీమలో ట్రౌట్ బతకదు, నీళ్ళు 20 డిగ్రీలు దాటితేనే దానికి కష్టం. తూనీగలకి మాత్రం కొదవ లేదు.

ఏప్రిల్‌లో కాలువకి నీళ్ళు కట్టేశారు. ధవళేశ్వరం నుంచి నీళ్ళు ఆగితే అక్కడక్కడా మడుగులే మిగులుతాయి. ఒక మడుగులో గుర్రపుడెక్క వేళ్ళు పైకి లాగితే బురదతో పాటు రెండు తూనీగ పిల్లలు వచ్చాయి, స్టీలు బేసిన్‌లో వేసి ఇంటికి తెచ్చి సాయంత్రం దాకా వాటి ముందే కూర్చున్నాను.

పైనుంచి చూస్తే చింతగింజని కాస్త సాగదీసినట్టుంది, పొట్ట వెడల్పు, అడుగు చదును. నేను కట్టింది మిరపకాయలా గుండ్రంగా ఉండేది. పుల్లతో కదిపితే చాలు, వెనకనుంచి నీళ్ళు చిమ్మి రెండంగుళాలు ముందుకి దూకి, ఠక్కున ఆగిపోతుంది. జాతులు వేరైనా ఈ దూకుడు వీటన్నిటికీ ఉన్నదే. దోమ పిల్ల దగ్గరకొస్తే మూతి కింద మడిచిపెట్టుకున్న పెదవిని చాచి లాక్కుంది, ఆ చాచడం నా కంటికి అందలేదు, దోమ పిల్ల మాయమవడమే కనిపించింది.

ఇప్పుడు ఇలా కడుతున్నాను. 8 నంబర్ పొడుగు కాడ గాలం. సీసం తీగని కాడ చుట్టూ చుట్టడం మానేసి, రెండు పక్కలా ఒక్కో ముక్క పెట్టి దారంతో బిగిస్తే పొట్ట చదునుగా వస్తుంది. లావు నైలాన్ దారం ముక్కకి రెండు కొసలూ లైటర్‌తో కరిగిస్తే ఉండ కడతాయి, అవే కళ్ళు. ఒంటికి పాచి రంగు, మట్టి రంగు ఉన్ని కలిపి దువ్వి, దారానికి పులిమి చుట్టాలి. కాళ్ళకి మాత్రం పుంజు మెడ ఈక వద్దు, బిరుసు. నాటు పెట్ట ఈక మెత్తగా నీళ్ళలో ఊగుతుంది, మా పెరట్లో రాలినవే ఏరి సబ్బునీళ్ళలో కడిగి ఆరబెట్టాను.

తీర్థన్ ఉరికే నది, కాబట్టి ధారలో కాకుండా బండల వెనక నీళ్ళు నెమ్మదించే చోట అడుగు దాకా దింపి, చిన్నగా ఒక గుంజు గుంజి ఆపాలి. కిందటేడు నేను ఆపకుండా లాగాను. నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా అక్కడ ట్రౌట్ వేట నిషేధం, అందుకే ఈసారీ అక్టోబర్‌లోనే వెళ్తాను. బేసిన్‌లో పిల్లల్ని ఆ రాత్రే మడుగులో వదిలేశాను. ఆరు ఫ్లైలు అయ్యాయి, ఇంకో ఆరు కట్టాలి.