‘పది తప్పితే చెన్నైయే’ అనే మాస్టార్లకి

సంక్రాంతి సెలవులు అయిపోయి స్టడీ అవర్లు జోరందుకున్నాక శ్రీకాకుళం జిల్లా హైస్కూళ్లలో ఓ మాట వినబడుతూంటుంది: "ఏట్రా, పది తప్పి చెన్నై ఎల్లి తాపీ పని చేసుకుంతావా?" చదివించాలనే అంటారు. కానీ అవే బెంచీల్లో, తండ్రి చెన్నైలో తాపీ పనిలో ఉంటే మామ్మ దగ్గరుండి చదువుకునే పిల్లలుంటారు. వాళ్లకి వినబడేది హెచ్చరిక కాదు, నాన్నని తీసిపారెయ్యడం.

చేసే పని తన ఇష్టంతో చేస్తున్నాననిపించాలి, అది తనకి చేతనవుతుందనిపించాలి, ఎదుటివాళ్లు తనని తమవాడిగా చూస్తున్నారనిపించాలి. ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయాన్ అనే మనస్తత్వవేత్తలు చెప్పిన మూడు మానసిక అవసరాలివి. పై మాట మూడింటినీ ఒక్క దెబ్బకి కొడుతుంది.

అందరికీ ఒకేలా తగలదు, నిజమే. ఇంగ్లండులో డేవిడ్ పుట్వెయిన్ పరీక్షల ముందు టీచర్లు చేసే ఇలాంటి హెచ్చరికల మీదే పరిశోధన చేశాడు. గట్టెక్కగలనన్న నమ్మకం ఉన్న పిల్లలు దాన్ని సవాలుగా తీసుకుంటారు. లేనివాళ్లకి అది ముప్పులా తోస్తుంది, పరీక్ష భయం పెరుగుతుంది. అంటే ఎవరి కోసం అన్నామో చేటు వాళ్లకే!

"ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలో సీటు కొట్టొచ్చు" అన్న ఆశ కూడా లెక్కల్లో 28 దగ్గర ఆగినవాడికి అక్కరకి రాదు. వాడికి కావలసింది 35కి దారి. ఇలా చెప్పి చూడండి: "సంభావ్యతా, సాంఖ్యక శాస్త్రమా, ఈ వారం ఏది మొదలెడతావో నువ్వే చెప్పు. మూడు లెక్కలు నా దగ్గర చెయ్యి, నాలుగోది నీ అంతట నువ్వు చెయ్యి. ఎక్కడ ఆగిపోతే అక్కడ గీత గియ్యి, రేపు అక్కణ్నించి చూద్దాం." మర్నాడు ఆ గీత చూడకపోతే మాత్రం చెప్పిందంతా నీళ్లపాలే.

"ఇష్టముంటే చదువు, లేకపోతే మానెయ్" అనడం స్వేచ్ఛ ఇవ్వడం కాదు, వదిలించుకోవడం. పొగడ్తకీ పద్ధతుంది. 1998లో మ్యూలర్, డ్వెక్ ప్రచురించిన ప్రయోగాల్లో, ‘తెలివైనవాళ్లు’ అని మెచ్చుకోలు అందుకున్న పిల్లలు ఒకసారి దెబ్బతినగానే, ‘కష్టపడ్డారు’ అని మెచ్చుకోలు అందుకున్నవాళ్లకంటే తొందరగా పట్టు వదిలేశారు.

స్లిప్ టెస్ట్ మార్కులు అసెంబ్లీ మైకులో చదవకండి. లెక్క ఏ మెట్టు దాకా సరిగ్గా వచ్చిందో, తరవాత ఏ మెట్టు చూసుకోవాలో వాడి పేపరు మీదే రెండు ముక్కలు రాసి చేతికివ్వండి.