లావు నవల, సన్న నవల

విజయవాడ ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో నవల చేతిలోకి తీసుకోగానే చాలామంది ముందు చూసేది మందమే. తూకం చూడ్డం గుంటూరు యార్డులో మిరపకాయలకైతే సరే!

మన పాత నవలల్లో సాగదీతకు ఒక పెద్ద కారణం వారపత్రిక. సీరియల్‌లో ప్రతి వారం మొదట కిందటి సంగతి గుర్తుచేయాలి, చివర వచ్చే వారానికి ఒక కొక్కెం తగిలించాలి. పుస్తకంగా వేసేటప్పుడు ఆ అతుకులు విప్పకపోతే 40 వారాల సీరియల్లో అలాంటి ముక్క 39 చోట్ల తగులుతుంది. ముందు కోయాల్సింది అక్కడే. తర్వాత, మాటలోనే కోపం తెలుస్తుంటే 'కోపంగా అన్నాడు' దేనికి? ఆపైన సన్నివేశం చివరి రెండు వాక్యాలు మూసి చదవండి. చాలాసార్లు ఏమీ తగ్గదు.

అలాగని అన్నిటికీ ఒకే కత్తెర పనికిరాదు. విశ్వనాథ 'వేయిపడగలు'లో ఒక ఊరు, ఒక వ్యవస్థ మెల్లగా కూలాలి. వంద పేజీల్లో చెబితే అది వార్తే. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' అంతా కథానాయకుడు సీతారామారావు బుర్రలో నడుస్తుంది. ఇంకో 300 పేజీలు కలిపితే జాలి పోయి విసుగు మిగులుతుంది.

ఇక ప్రెస్సు లెక్క. ఫారం అంటే ఒక పెద్ద కాగితం మీద కలిపి అచ్చువేసి మడిచే పేజీలు, సాధారణంగా 16. 196 పేజీలొస్తే 13 ఫారాలు ఎక్కాలి, 12 పేజీలు ఖాళీ. అరఫారం వేయొచ్చు గానీ, నాలుగు పేజీలు కోస్తే 12 ఫారాల్లో సరిపోతుంది. ఆ నాలుగు పేజీలు దొరకని రాతప్రతి అరుదు.